ఓడిన కోచ్‌ని ఉంచాలా, పంపేయాలా? ఆల్ బ్లాక్స్ 2007 కథ



ఈ రోజు ఎపిసోడ్ రగ్బీ గురించి. ఆగండాగండి, అప్పుడే పైకి స్వైప్ చేసేయకండి. రగ్బీ మనకెందుకు బాబూ అంటారని నాకు తెలుసు. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగితే అందులో హైదరాబాద్ హీరోస్ అని మన ఊరి పేరుతో ఒక టీమ్ ఆడింది. మనలో ఎంతమంది చూశాం? నేనైతే హైలైట్స్ మాత్రమే చూశాను. కాబట్టి రూల్స్ తెలియకపోయినా పర్వాలేదు. ఈ కథకి కావాల్సినంత నేను చెప్తాను.

అసలు ప్రశ్న మాత్రం మనందరికీ బాగా తెలిసిందే. టీమ్ ఓడింది. కోచ్‌ని పీకేయాలా, ఉంచాలా? ప్రతి వరల్డ్ కప్ తర్వాత మన ఇళ్లల్లో, టీ కొట్టు దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో జరిగే గొడవే ఇది. 2007 మార్చి గుర్తుందా? మీలో కొంతమంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. వెస్టిండీస్‌లో క్రికెట్ వరల్డ్ కప్. ఇండియా బంగ్లాదేశ్ చేతిలో ఓడింది, శ్రీలంక చేతిలో ఓడింది, మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేసింది. రాంచీలో కట్టుకుంటున్న ధోనీ ఇంటి మీదకి జనం వెళ్లి దాడి చేశారు. ఏప్రిల్ మొదటి వారంలో కోచ్ గ్రెగ్ చాపెల్ తప్పుకున్నారు. చాపెల్ గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకి ఉంటుంది, మా నాన్నకైతే చాలా గట్టిగా ఉంది, ఇప్పుడు ఆ టాపిక్ తెరిస్తే ఎపిసోడ్ అంతా అక్కడే అయిపోతుంది.

అదే 2007లో, ఆరు నెలల తర్వాత, ప్రపంచంలో ఇంకో మూల ఇలాంటిదే జరిగింది. న్యూజిలాండ్ రగ్బీ టీమ్. పేరు ఆల్ బ్లాక్స్. అక్కడి బోర్డు తీసుకున్న నిర్ణయం మాత్రం పూర్తిగా వేరు. ఆ నిర్ణయం కరెక్టా కాదా అనేదే ఈ రోజు మన సబ్జెక్ట్. ఆ ప్రశ్నకి జవాబు 2011లో వచ్చేసిందని అందరూ అనుకుంటారు. నేను అలా అనుకోవట్లేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు రగ్బీ ఒక్క నిమిషంలో. ఒక్కో టీమ్‌కి 15 మంది. 80 నిమిషాల ఆట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతుల్లో పట్టుకుని పరిగెత్తి, అవతలి వాళ్ల గీత దాటి నేలకి తాకిస్తే 'ట్రై', 5 పాయింట్లు. దాని తర్వాత ఒక కిక్, పడితే ఇంకో 2. అవతలి వాళ్లు తప్పు చేస్తే పెనాల్టీ కిక్, 3. ఆట నడుస్తుండగానే బంతిని నేలకి వదిలి, ఎగిరిన క్షణంలో పోస్టుల మధ్యకి తన్నితే అది డ్రాప్ గోల్, దానికీ 3. ఇంకొక్కటి, ఇది ముఖ్యం: చేత్తో పాస్ ఎప్పుడూ వెనక్కే ఇవ్వాలి. ముందుకి ఇస్తే తప్పు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక న్యూజిలాండ్. 2007లో ఆ దేశం మొత్తం జనాభా సుమారు 42 లక్షలు. మన హైదరాబాద్ ఒక్కదాంట్లోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. కానీ రగ్బీలో వాళ్లని కొట్టేవాళ్లు తక్కువ. మామూలు సీజన్‌లో ఎవరొచ్చినా కొడతారు, వరల్డ్ కప్ వచ్చేసరికి ఏదో అవుతుంది. 1987లో మొట్టమొదటి రగ్బీ వరల్డ్ కప్ వాళ్లే గెలిచారు. ఆ తర్వాత 1991, 1995, 1999, 2003, అన్నీ పోయాయి. వెళ్లిన ప్రతిసారీ ఫేవరెట్లుగానే వెళ్లేవాళ్లు, మళ్లీ ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాళ్లు.

ఓడిన ప్రతిసారీ వాళ్లు చేసిన పని ఒక్కటే. కోచ్‌ని మార్చడం.

1999 చూడండి. సెమీఫైనల్‌లో ఫ్రాన్స్ మీద ఒక దశలో బాగా ముందున్నారు, చివరికి 43-31తో ఓడిపోయారు. కోచ్ జాన్ హార్ట్ రాజీనామా చేశారు. అంతటితో అయిపోలేదు. ఆయనకి రేసు గుర్రం ఉండేది. ఆ గుర్రం రేసుకి వస్తే జనం దాని మీద ఉమ్మేశారు. గుర్రం ఏం చేసిందండీ పాపం? మన ధోనీ ఇంటి గోడ ఏం చేసింది? జనం కోపానికి ఏదో ఒకటి దొరకాలి, అంతే.

2003లో కోచ్ జాన్ మిచెల్. వయసు 39. ఆయన హయాంలో 28 టెస్టుల్లో 23 గెలిచారు. సెమీఫైనల్‌లో సిడ్నీలో ఆస్ట్రేలియా చేతిలో 22-10తో ఓడారు. ఇంటికొచ్చాక బోర్డు ఆయన్ని మళ్లీ అప్లై చేసుకోమంది. ఆయన చేశారు. ఉద్యోగం ఇంకొకరికిచ్చారు. ఆ ఇంకొకరే గ్రాహమ్ హెన్రీ, మన కథలో హీరో అనుకోండి, విలన్ అనుకోండి.

హెన్రీ ఒకప్పుడు స్కూల్ హెడ్‌మాస్టర్. మనిషిని చూసినా అలాగే ఉంటారు, హోమ్‌వర్క్ ఏదిరా అని అడుగుతారేమో అనిపించే మొహం. న్యూజిలాండ్‌కి రాకముందు వేల్స్ దేశానికి కోచ్‌గా చేశారు. మొదట్లో అక్కడ దేవుడిలా చూశారు. 2002లో ఐర్లాండ్ చేతిలో 54-10తో చిత్తుగా ఓడాక మధ్యలోనే వదిలేసి వచ్చారు. అంటే ఓడిపోయి కుర్చీ దిగడం ఎలా ఉంటుందో ఆయనకి ముందే తెలుసు.

ఆల్ బ్లాక్స్‌తో ఆయన రికార్డు నేను కూర్చుని ఏడాది ఏడాదికి లెక్కేశాను. 2004లో 11 ఆడి 9 గెలిచారు. 2005లో 12కి 11. 2006లో 13కి 12. 2007లో వరల్డ్ కప్ ఓటమితో కలిపి 12కి 10. మొత్తం 48 టెస్టులు, 42 గెలుపులు. 87.5 శాతం. నాకు బీటెక్‌లో ఒక్క సెమిస్టర్‌లో కూడా అంత రాలేదు.

ఇంత బాగా నడుస్తున్న టీమ్‌ని పట్టుకుని హెన్రీ 2007లో రెండు ప్రయోగాలు చేశారు. ఒకటి రొటేషన్. ఎప్పుడూ ఒకే టీమ్ కాకుండా ఆటగాళ్లని మార్చి మార్చి ఆడించడం. రెండోది ఇంకా పెద్దది. అక్కడ సూపర్ 14 అని ఒక లీగ్ ఉండేది, మనకి ఐపీఎల్ లాగా అనుకోండి. వరల్డ్ కప్‌కి ఫ్రెష్‌గా ఉండాలని 22 మంది టాప్ ఆటగాళ్లని ఆ లీగ్ మొదటి ఏడు రౌండ్ల నుంచి బయటికి లాగి ఫిట్‌నెస్ ప్రోగ్రామ్‌లో పెట్టారు. ఐపీఎల్ సగం సీజన్‌కి కోహ్లీ, బుమ్రా, ఇంకో 20 మంది రారంటే ఫ్రాంచైజీలు, టీవీ వాళ్లు, ఫ్యాన్స్ ఊరుకుంటారా? అక్కడా ఊరుకోలేదు. కానీ కప్ తెస్తాడులే అని భరించారు.

2007 అక్టోబర్ 6. వేల్స్‌లోని కార్డిఫ్. క్వార్టర్‌ఫైనల్. ఎదురుగా మళ్లీ ఫ్రాన్స్.

మొదటి సగం అయ్యేసరికి 13-3తో న్యూజిలాండ్ ముందుంది. అంతా ప్లాన్ ప్రకారమే. రెండో సగంలో అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ల్యూక్ మెకాలిస్టర్‌కి ఎల్లో కార్డు, పది నిమిషాలు బయట. ఫ్రాన్స్ తరఫున తియరీ దుసోత్వార్ ట్రై కొట్టాడు, స్కోరు సమం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, నాలుగేళ్ల తర్వాత మళ్లీ వస్తాడు. స్టార్ కిక్కర్ డాన్ కార్టర్ గాయంతో బయటికి. అతని బదులు వచ్చిన నిక్ ఎవాన్స్ కూడా గాయంతో బయటికి. ఈ గొడవ మధ్యలోనే ఇంకో ట్రై కొట్టి 18-13తో ముందుకొచ్చారు. అప్పుడు, 69వ నిమిషంలో, ఫ్రాన్స్ ఆటగాడు త్రాయ్ నుంచి మిషలాక్‌కి ఒక పాస్ వెళ్లింది. ముందుకి. రీప్లే చూస్తే చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. మిషలాక్ దూసుకెళ్లాడు, ఝోజియాన్ ట్రై కొట్టాడు, కిక్ పడింది. 20-18.

రిఫరీ పేరు వేన్ బార్న్స్. ఇంగ్లండ్ అబ్బాయి, వయసు 28. ఆ ముందుకి పాస్ ఆయన చూడలేదు. రెండో సగమంతా ఫ్రాన్స్ మీద ఒక్క పెనాల్టీ కూడా ఇవ్వలేదు. తర్వాత ఆయనకి చంపేస్తామని బెదిరింపులు కూడా వచ్చాయి.

కానీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రిఫరీ కాదు. ఆఖరి పది నిమిషాలు. రెండు పాయింట్లే తేడా. ఒక్క డ్రాప్ గోల్ చాలు, 3 పాయింట్లు, మ్యాచ్ మనది. బంతి చాలాసేపు న్యూజిలాండ్ దగ్గరే ఉంది. పద్ధతిగా దగ్గరికి చేరుకుని, కిక్కర్‌ని వెనకాల నిలబెట్టి, డ్రాప్ గోల్‌కి సెటప్ చేసుకోవాలి కదా? అది చేయలేదు. గుద్దుకుంటూ, గుద్దుకుంటూ, ట్రై కోసమే వెళ్లారు. టైమ్ అయిపోయింది. ప్రపంచంలోనే బెస్ట్ టీమ్‌కి ఒత్తిడిలో ఏం చేయాలో ఆ క్షణంలో తోచలేదు.

వరల్డ్ కప్ చరిత్రలో న్యూజిలాండ్ సెమీస్‌కి కూడా చేరకపోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు మీరు బోర్డు ఛైర్మన్ అనుకోండి. అప్పటి ఛైర్మన్ జాక్ హాబ్స్, తనూ ఒకప్పుడు ఆల్ బ్లాక్స్‌కి ఆడినవాడే. మీ ముందు టేబుల్ మీద రెండు కాగితాలు. ఒకదాని మీద 48కి 42. ఇంకోదాని మీద దేశ చరిత్రలోనే చెత్త వరల్డ్ కప్. కోచ్ చేసిన రెండు ప్రయోగాలూ ఫెయిల్. బయట జనం మంట మీద ఉన్నారు. పైగా బెంచ్ మీద ఇంకో కాండిడేట్ రెడీగా ఉన్నాడు, మామూలోడు కాదు: రాబీ డీన్స్. క్రూసేడర్స్ అనే క్లబ్‌కి అప్పటికే నాలుగు సూపర్ రగ్బీ టైటిళ్లు తెచ్చిన కోచ్. జనంలో చాలామంది డీన్స్‌కే ఓటు.

ఉద్యోగానికి ప్రకటన ఇచ్చారు. హెన్రీ మళ్లీ అప్లై చేశారు. డీన్స్ అప్లై చేశారు. ఇంటర్వ్యూలు అయ్యాయి. డిసెంబర్ 7న బోర్డు చెప్పింది: హెన్రీయే కొనసాగుతారు.

దేశం అవాక్కయింది. వరల్డ్ కప్ పోగొట్టిన కోచ్‌ని న్యూజిలాండ్ మళ్లీ పెట్టుకోవడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. వారం తిరిగేసరికి డీన్స్‌ని ఆస్ట్రేలియా ఎత్తుకెళ్లింది. ఆస్ట్రేలియా రగ్బీకి విదేశీ కోచ్ రావడం అదే మొదటిసారి. పక్కింటి శత్రువుకి మన బెస్ట్ కోచ్‌ని చేతులారా ఇచ్చేశామని గోల.

ఇక్కడ చిన్న బ్రేక్. నా సొంత కథ ఒకటి చెప్పాలి, దీనికీ దానికీ సంబంధం ఉంది.

వీడియోలు మొదలుపెట్టకముందు నేను సాఫ్ట్‌వేర్‌లో ఉండేవాడిని. ఒక శుక్రవారం రాత్రి మేం చేసిన రిలీజ్ కూలిపోయింది. కస్టమర్లు డబ్బు కట్టే పేజీ నాలుగు గంటలు పనిచేయలేదు. సోమవారం పొద్దున్నకి మా టీమ్ లీడ్‌ని తీసేశారు. మంచి మనిషి, రెండేళ్లలో ఒక్క రిలీజ్ కూడా ఫెయిల్ కాలేదు. అందరికీ ఓ రకమైన ప్రశాంతత వచ్చింది, యాక్షన్ తీసుకున్నారు కదా అని. మూడు వారాల తర్వాత ఆర్‌సీఏ, అంటే అసలు తప్పు ఎక్కడ జరిగిందో తేల్చే రిపోర్టు, వచ్చింది. తప్పు మా కోడ్‌లో కాదు, వేరే చోట మార్చిన ఒక సెట్టింగ్‌లో ఉంది. ఆ రిపోర్టు ఎవరూ చదవలేదు, ఎందుకంటే శిక్ష ఎప్పుడో అయిపోయింది కదా. రెండు నెలలకి కొత్త లీడ్ కింద అదే సెట్టింగ్ మళ్లీ మమ్మల్ని పడగొట్టింది. ఆ రాత్రి కాల్‌లో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పాత లీడ్‌కి నేను ఫోన్ చేద్దామనుకుని చేయలేదు. ఇప్పటికీ చేయలేదు.

అందుకే న్యూజిలాండ్ కథలో నా కన్ను ముందు రిపోర్టు మీద పడింది. వాళ్లూ ఒక స్వతంత్ర రివ్యూ చేయించారు. మైక్ హెరాన్ అనే లాయర్, డాన్ ట్రికర్ అనే సాఫ్ట్‌బాల్ కోచ్ కలిసి చేశారు. రగ్బీ ఓటమి మీద రిపోర్టు రాయడానికి సాఫ్ట్‌బాల్ మనిషిని పిలిచారంటే నాకు ఆ ఐడియా భలే నచ్చింది, బయటి కళ్లు కావాలి కదా. ఆ రిపోర్టు బయటికొచ్చింది 2008 ఏప్రిల్‌లో. నిర్ణయం జరిగింది డిసెంబర్‌లో. అంటే తీర్పు ముందు, విచారణ తర్వాత! మా ఆఫీస్‌లో జరిగిందానికి అద్దంలో బొమ్మ. అక్కడ తీసేశారు, ఇక్కడ ఉంచారు, క్రమం మాత్రం తలకిందులే. హెన్రీని ఉంచడం మంచిదే అని నేను అంటున్నా సరే, ఈ ఒక్క విషయంలో బోర్డుని వెనకేసుకురాలేను.

మరి ఉంచడం మంచిదే అని ఎందుకు అంటున్నాను?

అంతకుముందు నాలుగు వరల్డ్ కప్పులు చూడండి. నాలుగు సార్లూ కోచ్ మారాడు. రోగం మారలేదు. ఆటగాళ్ల నైపుణ్యం తక్కువై ఓడలేదు, నాకౌట్‌లో గుండె చిక్కబట్టుకోలేక ఓడారు. ప్రతి కొత్త కోచ్ వచ్చి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం, నాలుగేళ్లకి ఒక్క మ్యాచ్‌లో అదే గుంటలో పడటం, వెళ్లిపోవడం. ఆ గుంట ఎంత లోతో తెలిసినవాడు ప్రతిసారీ బయటికి పోతున్నాడు. 2007 డిసెంబర్‌లో దేశం మొత్తంలో వరల్డ్ కప్ నాకౌట్‌లో ఎలా ఓడతారో కోచ్ కుర్చీలోంచి తాజాగా చూసినవాడు హెన్రీ ఒక్కడే. సరదాగా ఇంకో విషయం: 2003లో మిచెల్‌కి అసిస్టెంట్‌గా ఉన్నది ఎవరో తెలుసా? ఇదే డీన్స్.

కానీ గుంట చూసినంత మాత్రాన సరిపోదు. చూసి మారాలి. హెన్రీ మారారా? మొదట్లో అలా కనిపించలేదు. 2008 జులైలో డ్యునెడిన్‌లో దక్షిణాఫ్రికా చేతిలో 30-28తో ఓడారు. రెండు వారాలకే సిడ్నీలో, ఎవరి చేతిలోనో ఊహించండి, డీన్స్ కోచ్‌గా ఉన్న ఆస్ట్రేలియా చేతిలో 34-19. ఆ రాత్రి న్యూజిలాండ్‌లో ఎన్ని ఇళ్లల్లో 'నేను ముందే చెప్పాను' అనే మాట వినిపించి ఉంటుందో. వారం తర్వాత ఆక్లాండ్‌లో అదే ఆస్ట్రేలియాని 39-10తో కొట్టారు. అక్కడి నుంచి 2010 వరకు ఆస్ట్రేలియా మీద వరసగా పది మ్యాచ్‌లు గెలిచారు. మధ్యలో 2009లో దక్షిణాఫ్రికా మూడుకి మూడు కొట్టి మళ్లీ పరువు తీసింది. అయినా బోర్డు కదల్లేదు.

ఆ మధ్యకాలంలో జరిగిన అసలు పని మైదానం బయట. ఓడిన రాత్రి బుర్ర ఎందుకు పనిచేయలేదు అనే ప్రశ్నని సీరియస్‌గా తీసుకున్నారు. కెరి ఎవాన్స్ అనే సైకియాట్రిస్టుని తెచ్చారు. ఆయన ఒకప్పుడు న్యూజిలాండ్ తరఫున ఫుట్‌బాల్ ఆడినవాడు. గిల్బర్ట్ ఎనోకా అనే మెంటల్ స్కిల్స్ కోచ్‌తో కలిసి ఆటగాళ్లకి నేర్పింది సింపుల్‌గా చెప్పాలంటే: ఒత్తిడిలో తల వేడెక్కుతుంది, అది ఎర్ర తల. దాన్ని గుర్తుపట్టి, ఊపిరి తీసుకుని, కాళ్ల కింద నేలని ఫీల్ అయి, నీలి తలకి రావాలి. అప్పుడు నిర్ణయం తీసుకోవాలి. వినడానికి ఎగ్జామ్ హాల్ టిప్‌లా ఉంది కదా? కార్డిఫ్ ఆఖరి పది నిమిషాలకి మాత్రం సరిగ్గా అదే మందు. కెప్టెన్ రిచీ మెక్‌కా, 2007లో ఓడినప్పుడూ ఆయనే కెప్టెన్, ఆయన్నీ మార్చలేదు.

ఇక 2011. వరల్డ్ కప్ సొంతగడ్డ మీద. సెమీఫైనల్‌లో ఎదురుగా డీన్స్ ఆస్ట్రేలియా. సినిమా వాడైనా ఇంత చక్కగా రాయడు. న్యూజిలాండ్ 20-6తో గెలిచింది.

అక్టోబర్ 23, ఆక్లాండ్, ఈడెన్ పార్క్, ఫైనల్. ఎదురుగా మళ్లీ ఫ్రాన్స్. వాళ్ల కెప్టెన్ ఎవరు? దుసోత్వార్.

అప్పటికే కిక్కర్ల పరిస్థితి ఘోరం. డాన్ కార్టర్ గాయంతో టోర్నీ నుంచే అవుట్. రెండోవాడు కొలిన్ స్లేడ్ క్వార్టర్స్‌లో అవుట్. మూడోవాడు ఆరన్ క్రూడెన్ ఫైనల్ మొదటి సగంలోనే మోకాలు పట్టుకుని పడిపోయాడు. నాలుగోవాడు స్టీఫెన్ డొనాల్డ్. ఇతను అసలు స్క్వాడ్‌లోనే లేడు. ముందు ఏడాది హాంకాంగ్‌లో ఆస్ట్రేలియా మీద మ్యాచ్ పోగొట్టాడని దేశమంతా తిట్టిపోసిన మనిషి. స్లేడ్ పడిపోయాక హెన్రీ ఫోన్ చేస్తే ఎత్తలేదు, వైకాటో నదిలో చిన్న చేపపిల్లలు పట్టుకుంటున్నాడు! ఆ చేపల వేటగాడు ఫైనల్లో, కాస్త టైట్‌గా ఉన్న జెర్సీలో, రెండో సగం మొదట్లో పెనాల్టీ కిక్ కొట్టాడు. 8-0. వెంటనే దుసోత్వార్ ట్రై, కిక్. 8-7.

ఆ తర్వాత అరగంటకి పైగా ఒక్క పాయింట్ లేదు. ఒక్క పాయింట్ తేడాతో అరగంట. ఈసారి టీమ్ తల ఎర్రబడలేదు. బంతిని పట్టుకుని, మెల్లగా, బోరుగా, గడియారాన్ని నమిలేశారు. 24 ఏళ్ల తర్వాత కప్.

జనం ఇక్కడే కథ ముగిస్తారు. చూశారా, కోచ్‌ని నమ్మారు, గెలిచారు, కాబట్టి నమ్మడం కరెక్ట్. అందరూ షేర్ చేసే రీల్ అదే.

నేను ఇక్కడ ఆగలేను. ఎందుకంటే 64వ నిమిషంలో ఫ్రాన్స్‌కి ఒక పెనాల్టీ వచ్చింది. ఫ్రాంస్వా త్రిన్-డ్యూక్ కిక్ తీశాడు. దూరం 50 మీటర్లకి కాస్త తక్కువ. పక్కనుంచి వెళ్లిపోయింది. అది పడి ఉంటే 10-8. హెన్రీ అదే మనిషి, ఎవాన్స్ నేర్పింది అదే పాఠం, నాలుగేళ్ల పని అదే పని. కానీ పేపర్లలో హెడ్డింగ్ వేరేగా ఉండేది: 'డీన్స్‌ని పంపి హెన్రీని ఉంచిన మూర్ఖులు'. అంటే 2007 డిసెంబర్ నిర్ణయం మంచిదా చెడ్డదా అనేది 2011 అక్టోబర్‌లో ఒక ఫ్రెంచ్ కుర్రాడి కాలు చెప్పాలా? ఆ నిర్ణయం మంచిదే అయితే 2007లోనే మంచిది, ఆ రోజు టేబుల్ మీదున్న కాగితాలని బట్టి. కప్పు దానికి సర్టిఫికెట్ కాదు.

ఇది ఊరికే తర్కం కోసం చెప్పట్లేదు. ఇదే ప్రయోగం వాళ్లు మళ్లీ చేశారు, ఈసారి కాలు అటు పడింది.

2022. కోచ్ ఇయాన్ ఫోస్టర్. జులైలో ఐర్లాండ్ వచ్చి న్యూజిలాండ్‌ని సొంతగడ్డ మీద సిరీస్‌లో 2-1తో ఓడించింది. 1994లో ఫ్రాన్స్ తర్వాత సొంతగడ్డ మీద వాళ్లు సిరీస్ పోగొట్టుకోవడం అదే. ఇద్దరు అసిస్టెంట్లని తీసేశారు, ఫోస్టర్‌ని ఉంచారు. ఆగస్టులో దక్షిణాఫ్రికా వెళ్లి మళ్లీ ఓడారు. ఆరు మ్యాచ్‌ల్లో ఐదు ఓటములు. తర్వాతి శనివారం జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో ఓడితే ఇక అంతే అని దేశమంతా ఫిక్స్ అయిపోయింది. 35-23తో గెలిచారు. నాలుగు రోజులకి బోర్డు ప్రకటించింది: వరల్డ్ కప్ దాకా ఫోస్టరే. ఇంకో పది రోజులకి సొంతగడ్డ మీద అర్జెంటీనా చేతిలో చరిత్రలో మొదటిసారి ఓడారు! ఎల్లిస్ పార్క్ మ్యాచ్ అర్జెంటీనా మ్యాచ్ తర్వాత ఉండి ఉంటే ఏమయ్యేది? మనిషి అదే, షెడ్యూల్ వేరు, ఉద్యోగం ఊస్ట్. మ్యాచ్‌ల వరస ఎవరో ఎక్సెల్ షీట్‌లో వేసింది.

2023 మార్చిలో బోర్డు ఇంకో పని చేసింది. వరల్డ్ కప్‌కి ముందే, 2024 నుంచి కోచ్ స్కాట్ రాబర్ట్‌సన్ అని చెప్పేసింది. అంటే ఫోస్టర్ తన ప్లేస్‌లో ఎవరొస్తారో తెలిసి, ఆ సీట్లోనే కూర్చుని టీమ్‌ని తయారుచేయాలి. నోటీస్ పీరియడ్‌లో వరల్డ్ కప్! మనం నోటీస్ పీరియడ్‌లో ఎలా పనిచేస్తామో మనకి తెలుసు. ఆ మనిషి చేశారు. మొదటి మ్యాచ్‌లో ఫ్రాన్స్ చేతిలో ఓడినా, క్వార్టర్స్‌లో అదే ఐర్లాండ్‌ని 28-24తో కొట్టి ఫైనల్‌కి తీసుకెళ్లారు.

2023 అక్టోబర్ 28, పారిస్. దక్షిణాఫ్రికాతో ఫైనల్. కెప్టెన్ శామ్ కేన్‌కి మొదటి సగంలోనే రెడ్ కార్డ్. పురుషుల వరల్డ్ కప్ ఫైనల్లో రెడ్ కార్డ్ అదే మొదటిది. 14 మందితో ఆడి, ట్రై కొట్టి, 12-11కి తెచ్చారు. ఆఖరి పది నిమిషాల్లో జోర్డీ బారెట్‌కి ఒక పెనాల్టీ. దూరం మళ్లీ 50 మీటర్లకి కాస్త తక్కువ. పక్కనుంచి వెళ్లిపోయింది.

ఒక్క పాయింట్‌తో గెలిచినవాడు నైట్‌హుడ్ తీసుకుని సర్ గ్రాహమ్ హెన్రీ అయ్యాడు. ఒక్క పాయింట్‌తో ఓడినవాడు బ్యాగ్ సర్దుకున్నాడు. రెండు కిక్కులూ దాదాపు ఒకే దూరం, రెండూ పక్కకే పోయాయి. తన్నినవాడి జెర్సీ రంగు మాత్రమే మారింది.

అలాగని ఓడిన ప్రతి కోచ్‌ని ఉంచాలని నేను చెప్పట్లేదు. డీన్స్‌నే చూడండి. ఆస్ట్రేలియా ఆయన్ని 2011 తర్వాత కూడా ఉంచింది, 2013లో బ్రిటిష్ లయన్స్ మీద చివరి టెస్టు 41-16తో ఓడి సిరీస్ పోయాక తప్పుకున్నారు. ఆయనేమీ చేతకానివాడు కాదు. ఉంచడం ఒక్కటే మందు అయితే అక్కడా పనిచేయాలి కదా. నేనే బోర్డులో ఉంటే హెన్రీని ఉంచేవాడిని, ఫోస్టర్‌ని కూడా ఉంచేవాడిని. ఫోస్టర్ విషయంలో కారణం ఎల్లిస్ పార్క్ స్కోర్ మాత్రం కాదు. జేసన్ రయన్, జో ష్మిట్ వచ్చాక టీమ్ ఆడే తీరు మారడం మొదలైంది కాబట్టి. కోచ్ తన చుట్టూ తనకంటే గట్టివాళ్లని రానిచ్చాడంటే ఎక్కడ తప్పుతుందో అతనికి అర్థమైందని లెక్క. మిచెల్‌ని ఉంచేవాడినా? అది నాకు ఇప్పటికీ తేలలేదు. 28కి 23.

అన్నట్టు, వేన్ బార్న్స్ ఏమయ్యాడో చెప్పలేదు కదా. 2007 రాత్రి ఆ 28 ఏళ్ల కుర్రాడిని కూడా పీకేయమని గోల గోల. వాళ్ల బోర్డు పీకలేదు. 2023లో పారిస్‌లో ఆల్ బ్లాక్స్ ఆడిన ఆ ఫైనల్‌కి రిఫరీ ఎవరనుకుంటున్నారు? ఆయనే. కెరీర్‌లో ఆఖరి మ్యాచ్ అది.

సరే, ఈ రోజుకి ఇంతే. మిచెల్ సంగతి మీరు తేల్చండి. 28కి 23, ఒక్క సెమీఫైనల్ ఓటమి, బోర్డు ఛైర్మన్ మీరు. 2003 డిసెంబర్‌లో ఉన్నారని అనుకుని చెప్పండి, 2011 తెలిసినట్టు చెప్పొద్దు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.